తిరస్కరణ తరువాతి దారులు

రాయికోడ్, జహీరాబాద్ ప్రాంతం నుంచి అమెరికా కొలువుకు వెళ్లదలచిన ఇంజినీరుకు, 2009లో హైదరాబాద్ కాన్సులేట్ వీసాల జారీ మొదలుపెట్టేదాకా, ఇంటర్వ్యూ కోసం చెన్నై ప్రయాణం తప్పేది కాదు. అక్కడ కాదంటే దారిఖర్చులూ దండగే.

1990 నాటి చట్టంతో వచ్చిన హెచ్-1బి, అంటే నిపుణుల తాత్కాలిక ఉద్యోగ వీసా, రెండంచెలది కనుక, ఏ అంచెలో ఆగిందన్న దానిపైనే తరువాతి దారి ఆధారపడుతుంది. యజమాని పెట్టిన పిటిషన్‌ను కొట్టివేస్తే సాధారణంగా 30 రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు యజమానికే గాని, జీవితం ముడిపడిన ఉద్యోగికి మామూలుగా ఉండదు. ఈ చట్టంలోని వింత ఇదే. కాన్సులేట్ కిటికీ దగ్గర 221(జి) చీటీ చేతికిస్తే మాత్రం అది కాగితాలు చాలవన్న తాత్కాలిక నిరాకరణ, అడిగినవి ఏడాదిలోగా అందజేస్తే కొత్త రుసుము లేకుండానే పరిశీలన కొనసాగుతుంది.

ఏటా 1,95,000 దాకా పెరిగిన హెచ్-1బి పరిమితి 2004లో మళ్లీ 65,000కు పడిపోవడంతో, ఒకే సంస్థ విదేశీ శాఖ నుంచి బదిలీ చేసే ఎల్-1 వైపు కొందరు చూస్తే, 1967 నుంచే చదువుకూ అనుభవానికీ మార్కులు వేసి వలసదారులను ఎంచుకుంటున్న కెనడా వైపు మరికొందరు మళ్లారు. బ్రిటన్ 2002లో తెరిచిన అలాంటి తలుపును 2011 నాటికి కొత్తవారికి మూసేసింది. ఈలోగా 'వీసా బాలాజీ'గా పేరుపడ్డ చిలుకూరు స్వామికి 11 ప్రదక్షిణలతో మొక్కుకున్నవారు, వీసా వచ్చాక చేతిలోని కార్డుపై ఒక్కో అంకె కొట్టేసుకుంటూ 108 పూర్తిచేసేవారు.