గాలపు విద్య: నీలగిరి నుండి కొల్లేటి వరకు

గాలమునకు ఎర గ్రుచ్చి నీటిలో వేయుట ఎవరికైనను చేతనగును. చేప వచ్చి ఆ ఎరను పట్టునట్లు వేయుట మాత్రము ఒక విద్య. ఈ విద్యలో సగము చేతి నేర్పు. తక్కిన సగము చేపను గూర్చిన ఎరుక. చేప ఏమి తినును? ఎట్లు ఊపిరి పీల్చును? ఏ ఋతువున ఏ దారిని పోవును? చేపలు పట్టువారికి తరతరములుగా తెలిసిన ఈ సంగతులే తరువాతి కాలమున చేపలను పెంచు శాస్త్రమునకును, నేడు వానిని కాపాడు ప్రయత్నమునకును ఆధారములైనవి. కొల్లేటి చరిత్రయే ఇందుకు మంచి నిదర్శనము.

గాలపు విద్యలో మిక్కిలి పేరొందినది ఈకలతో చేసిన కృత్రిమపు ఈగతో ట్రౌటు చేపను పట్టుట. సుమారు 1800 సంవత్సరముల క్రిందట ఈలియన్ అను రోమను రచయిత మాసిడోనియా దేశపు జాలరులను గూర్చి వ్రాసెను. అచ్చటి ఏటిలోని మచ్చల చేపలు నీటిపై వ్రాలు ఈగలను తినెడివి. ఆ ఈగను చేతితో పట్టినంతనే దాని రంగు మాసి, రెక్కలు వాడిపోయెడివి. అందుచే జాలరులు గాలమునకు ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపను భ్రమింపజేసెడివారట.

ట్రౌటు ప్రవాహమునకు ఎదురుగా తల పెట్టి నిలుచును. కొట్టుకొని వచ్చు పురుగులను అందుకొనును. కనుక నేర్పరియైన వేటగాడు దాని వెనుకవైపు నుండి సమీపించును. ఈగను దాని తలకు ఎగువన వ్రాలనిచ్చి, నిజమైన పురుగువలె నీటితో కదలి రానిచ్చును. దారము ఏ మాత్రము లాగినను ఈగ ప్రవాహమునకు అడ్డముగా నడచును. చేప అనుమానించి తొలగిపోవును.

ఈ చేపకు చల్లని నీరు కావలయును. 10 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక లీటరు మంచినీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ఆమ్లజని కరగియుండగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే ఉండగలదు. నీరు వేడెక్కిన కొలది చేపకు ఆమ్లజని అవసరము పెరుగును, లభించునది తగ్గును. 1860ల దశకమున ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు ఇంగ్లండు నుండి ట్రౌటు గ్రుడ్లను నీలగిరులకు తెచ్చుటకు చేసిన ప్రయత్నము ఫలింపలేదు. 20వ శతాబ్దపు తొలి దశకమున అవలాంచె వద్ద పొదుగుశాల వెలసిన పిమ్మట, ఆ ఎత్తయిన కొండల చల్లని ఏరులలో రెయిన్‌బో ట్రౌటు స్థిరపడెను.

అప్పుడు నీలగిరులును ఏలూరును ఒకే మద్రాసు రాజధానిలో చేరియుండెను. కాని నీలగిరి ట్రౌటును తెచ్చి కొల్లేటిలో విడిచినచో అది ఒక్క వేసవియైనను బ్రతుకజాలదు. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న లోతు తక్కువ సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు దీనిలో కలియును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట, 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తియైన తరువాత డెల్టా పొలముల మురుగునీరును దీనిలోనికి రాసాగెను. తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరు కాలువ ఆ గోదావరి నీటి ఏర్పాటులోనిదే. కొల్లేటి నీరు సుమారు 60 కిలోమీటర్ల పొడవుగల ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవును.

ఈ వెచ్చని, తూటికాడలతో నిండిన నీటికి తగిన చేప కొర్రమీను. మొప్పలతో పాటు, తలలో గాలిని నిలుపుకొను గదులు దీనికి కలవు. నీటిలో ఆమ్లజని చాలకున్నను ఇది బ్రతుకును. కాని నడుమ నడుమ పైకి వచ్చి గాలి మ్రింగక తప్పదు. ఆ సమయమున నీటిపై చిన్న సుడి, ఒకటి రెండు బుడగలు కనబడును. తాటిదోనెపై కదలక నిలిచిన జాలరికి ఆ గుర్తు చాలును. ట్రౌటునకు ఈక ఎట్లో, కొర్రమీనునకు బ్రతికిన కప్ప అట్లు. కప్పను గాలమునకు గ్రుచ్చి కలుపు అంచున ఆడించినచో కొర్రమీను ఎగిరి పట్టును.

గాలము ఒక్కటియే కాదు. లోతులేని బురదనీటిలో చేపపై బోర్లించి, పైకన్నము గుండ చేయి పెట్టి తీయు బుట్ట ఊత. నీరు పారుచోట ఉంచునది మావు. దాని నోరు వెడల్పు, లోపలి ద్వారము ఇరుకు. చొచ్చిన చేప వెనుకకు రాలేదు. మావును ఎక్కడ, ఏ దిక్కునకు పెట్టవలయునో తెలియుటకు చేపల రాకపోకలు తెలిసియుండవలయును.

అయితే ఈ ఎరుక రెండు వైపుల పదునుగల కత్తి వంటిది. కొర్రమీను జంట కలుపు నడుమ చోటు చేసికొని గ్రుడ్లు పెట్టును. ఎర్రని పిల్లలు గుంపుగా పైకి తేలుచుండగా తల్లిదండ్రులు క్రింద కావలి తిరుగును. పిల్లల గుంపు కనబడినచోట పెద్ద చేప ఉన్నదని జాలరికి తెలియును. ఆ సమయమున గాలము వేసినచో వేటు తప్పదు. కాని కావలి లేని పిల్లలను ఇతర చేపలు, పక్షులు తినివేయును. ఒక్క చేపను పట్టి వందల చేపలను పోగొట్టుకొనుట అగును. ఫ్రాన్సిస్ డే 1873 నాటి నివేదికలో మన దేశపు మంచినీటి చేపల స్థితిని పరిశీలించి, చిన్న కన్నుల వలల వలనను, మావుల వంటి ఉచ్చుల వలనను కలుగు నష్టమును చర్చించెను. 1897 నాటి భారత మత్స్య చట్టము విషముతోను, ప్రేలుడు పదార్థములతోను చేపలు పట్టుటను నిషేధించెను.

పట్టుట నుండి పెంచుటకు మారిన కథ తరువాతిది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వరదల కాలమున నదులలో గ్రుడ్లు పెట్టును. నిలువ నీటి చెరువులలో పెట్టవు. అందుచే పెంపకమునకు పిల్లలను నదులలో వెదకి తేవలసియుండెను. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్ వద్ద హీరాలాల్ చౌధురి ఒక చేప మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథి సారమును మరొక చేపకు ఎక్కించి, చెరువులోనే గ్రుడ్లు పెట్టించెను. వరద చేయు పనిని సూది చేసెను. ఈ పద్ధతి వ్యాపించిన పిమ్మట కోరిన జాతి పిల్లలు కోరినన్ని లభింపసాగెను.

1976లో ప్రభుత్వము సహకార సంఘముల ద్వారా కొల్లేటిలో చేపల చెరువులను ప్రోత్సహించెను. రానురాను ధనవంతుల గట్లు సరస్సు లోపలికి సాగెను. చేపల దిగుబడి పెరిగెను. కాని వరదనీరు పారు దారులు మూసికొనిపోయెను. పక్షులకును, స్వేచ్ఛగా తిరుగు చేపలకును, వలపై బ్రతుకు పేద జాలరికిని చోటు తగ్గెను. 1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రామ్‌సార్ గుర్తింపు లభించెను. 2006లో అభయారణ్యములోని గట్లను త్రవ్వివేసిరి. గట్లు పోయినను, వానిపై కూలికి బ్రతికినవారి జీవనము మాట ఏమన్న చిక్కు మిగిలెను. సరస్సును, దానిపై బ్రతుకు మనిషిని కలిపి చూడవలసిన అవసరము ఇప్పటికిని తీరలేదు.

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతపు పాఠశాలలలో ఈ ఎరుకకు తొలి పాఠము సులభముగా చెప్పవచ్చును. ఒక గాజుతొట్టిలో కొర్రమీను పిల్లను, మరొకదానిలో శీలావతి పిల్లను ఉంచవలయును. కొర్రమీను ఎగిరిపడును కావున తొట్టిపై వలగుడ్డ కప్పుట మరువరాదు. అరగంటలో ఏది ఎన్నిమారులు పైకి వచ్చినదో, ఉదయమును మధ్యాహ్నమును నీటి ఉష్ణోగ్రత ఎంతయో వ్రాసికొనవలయును. వారము దినములు ఇట్లు చూచిన విద్యార్థి, దోనెపై నిలిచిన జాలరి నీటిపై దేనికొరకు కనిపెట్టుకొనియుండునో గ్రహించును. పిల్లల గుంపు తేలినచోట గాలమును ఎందుకు పైకి తీయవలయునో ఆ విద్యార్థికి వేరుగా చెప్పనక్కరలేదు.