ముసుగు వెనక పేరు

మాకు వీరులు రెండు చోట్ల దొరికారు. పీర్ల పండగ రాత్రుల్లో నానీ చెప్పిన హసన్ హుసేన్ల కథల్లో దొరికినవాళ్లు మొదటివాళ్లు. బస్టాండు పక్క అద్దె పుస్తకాల దుకాణంలో, అట్ట ఊడిపోయిన బొమ్మల పుస్తకాల్లో దొరికినవాళ్లు రెండోవాళ్లు. మొదటివాళ్లకు మా పేర్లుండేవి. రెండోవాళ్లకు లేవు. అయినా ఆ రెండోవాళ్లనూ అంతే పిచ్చిగా ప్రేమించాం. ఆ ప్రేమ ఎలా పుట్టింది, అందులో మా చోటెక్కడ? ఇన్నేళ్లకు ఆ లెక్క చూసుకుంటున్నాం.

టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964లో ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టింది. 1990 దాకా నడిపింది. మా చేతికి వచ్చేసరికి అవి పది చేతులు మారినవి. మాకు బడిలో తెలుగు, ఇంట్లో ఉర్దూ. ఆరో తరగతిలో నేర్చిన హిందీ అక్షరాలు కూడబలుక్కుంటూ మొదటి పుస్తకం చదివాం. చదువుతుంటే ఒక వింత జరిగింది. కాగితం మీది మాటలు అమ్మీ మాటల్లా వినిపించాయి. బడి పుస్తకాల్లో ఎక్కడా కనిపించని మా ఇంటి భాష, బొమ్మల మనుషుల నోటి పక్కన బుడగల్లో కనిపించింది. ఆ రోజే మేం పడిపోయాం.

ఆ పుస్తకం ఫాంటమ్‌ది. కపాలం గుహ, కపాలం గుర్తు ఉంగరం, ముసుగు. తండ్రి చనిపోతే కొడుకు అదే ముసుగు వేసుకుంటాడు. 1536 నుంచి ఇరవై ఒక్క తరాలు. అడవి జనానికి మాత్రం అతను చావులేని ఒకే ఒక్క మనిషి. ఒక తెల్లవాడు నల్లవాళ్ల అడవికి న్యాయమూర్తి అయి కూర్చోవడమేమిటని అప్పుడు మాకు తట్టలేదు. పుస్తకం మూసి మళ్లీ మొదటి పేజీ తీశాం. అంతే తెలుసు.

ఒక సంగతి తర్వాత తెలిసింది. 1936లో అమెరికాలో లీ ఫాక్ మొదలుపెట్టిన అసలు కథలో ఆ అడవి పేరు బెంగాల్‌ను గుర్తుచేసేది. ఇంద్రజాల్ వాళ్లు దాన్ని డెంకాలి చేశారు. సముద్రపు దొంగల ముఠా పేరు సింగ్. దాన్ని సింగా చేశారు. ఒక పేరును దొంగతనానికి అంటగడితే ఆ పేరున్న మనుషుల మనసు నొస్తుందని ఎవరో ఆలోచించారు. మంచి పని చేశారు. ఆ ఆలోచన మా పేర్ల విషయంలో ఎంతమందికి వచ్చింది? సినిమాల్లో గళ్ల లుంగీ, మెడలో తాయెత్తు, కంటికి సుర్మా కనిపిస్తే చాలు, వాడెవడో హాలంతటికీ తెలిసిపోయేది. వీధిలో మేం ఫాంటమ్ ఆట ఆడితే దొంగల సర్దార్ వేషం మాకే వచ్చేది. "నీ పేరు దానికి సరిపోతుందిరా" అనేవాళ్లు స్నేహితులు. నవ్వుతూనే అనేవాళ్లు. మేమూ నవ్వేవాళ్లం. ఆ నవ్వు బరువు ఇంటికొచ్చాక తెలిసేది.

1976లో ఇంద్రజాల్‌లో బహదూర్ వచ్చాడు. కాషాయ రంగు కుర్తా, జీన్స్ ప్యాంటు. ఎగిరే శక్తులేమీ లేవు. తండ్రి బందిపోటు, పోలీసుల చేతిలో చనిపోయాడు. పగ తీర్చుకోవాలనుకున్న కొడుకు నిజం తెలుసుకుని, ఊరివాళ్లతో రక్షక దళం కట్టి బందిపోట్లకు ఎదురు నిలిచాడు. బొమ్మలు గోవింద్ బ్రాహ్మణియావి. ఆ వీరుణ్ని పుట్టించింది ఆబిద్ సుర్తీ.

ఆబిద్! మా గల్లీలో వినిపించే పేరు. కాషాయం కట్టిన వీరుడికి కథ రాసింది మావాడు. ఈ దేశంలో అది వింత కాదు, మామూలు సంగతి. మాకు ఆ మామూలు సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే.

1935లో గుజరాత్‌లో పుట్టి బొంబాయిలో పెరిగిన ఆబిద్ సుర్తీ తన మొదటి కామిక్ సంగతి తానే చెప్పుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. సైనికుల రైలు వెళ్తుంటే, వాళ్లు విసిరే తినుబండారాల కోసం పిల్లలు పక్కనే పరుగెత్తేవాళ్లు. ఒకరోజు ఒక సైనికుడు కామిక్ పుస్తకం విసిరాడు. పిల్లలు ఎగబడ్డారు. పుస్తకం చినిగిపోయింది. ఆబిద్ చేతికి ఒక్క పేజీ దక్కింది. మిక్కీ మౌస్ బొమ్మలున్న పేజీ. దాన్ని చూస్తూ గీయడం మొదలుపెట్టిన పిల్లవాడు కార్టూనిస్టు అయ్యాడు, చిత్రకారుడయ్యాడు, కథకుడయ్యాడు. అభిమానానికి పుస్తకం మొత్తం అక్కర్లేదు. సగం చినిగిన పేజీ చాలు. మిగతా సగం మనమే గీసుకుంటాం.

వెనక్కి తవ్వుకుంటూ పోతే సూపర్‌హీరోల పుట్టుకంతా ఇలాంటిదేనని తెలిసింది. 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో సూపర్‌మాన్‌ను తెచ్చిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ వలస వచ్చిన యూదుల బిడ్డలు. క్లీవ్‌లాండ్ బడిలో కలుసుకున్న స్నేహితులు. 130 డాలర్లకు హక్కులన్నీ అమ్ముకున్నారు. 1975 చివర్లో గానీ పింఛనూ, పుస్తకం మీద పేరూ మళ్లీ దక్కలేదు. కెప్టెన్ అమెరికాను జో సైమన్‌తో కలిసి సృష్టించిన జాక్ కర్బీ అసలు పేరు జేకబ్ కుర్ట్స్‌బర్గ్. 1941 మార్చి తేదీ వేసిన మొదటి సంచిక అట్ట మీదే వాళ్ల వీరుడు హిట్లర్ ముఖాన గుద్దాడు. అప్పటికి అమెరికా యుద్ధంలోకి దిగలేదు. వీరుడు గుద్దాడు సరే, గీసినవాడు తన పేరు మార్చుకున్నాడు. సూపర్‌మాన్ పరాయి లోకం నుంచి వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, క్లార్క్ కెంట్ అనే మామూలు పేరుతో తలొంచుకుని బతికాడు. ఆ తలొంపు మాకు బాగా తెలుసు. రైల్లో పక్కవాడు పేరడిగితే సగం మింగి చెప్పినవాళ్లం మేం.

పేరు మింగని వీరురాలు రావడానికి 2014 దాకా పట్టింది. ఆ ఏడాది మార్వెల్ సంస్థ మిస్ మార్వెల్ పత్రికలో కమలా ఖాన్‌ను నాయిక చేసింది. జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ అమెరికన్ ముస్లిం పిల్ల. రాసింది జి. విల్లో విల్సన్, సంపాదకుల్లో ఒకరు సనా అమానత్. గమనించండి, కమలా మొదట అభిమాని. తనకిష్టమైన వీరుల మీద తనే కథలు రాసుకునే పిల్ల. శక్తి వచ్చిన మొదటి క్షణంలో ఆమె తను ఆరాధించే బంగారు జుట్టు తెల్లమ్మాయిగా మారిపోతుంది. ఆ రూపంలో ఇమడలేక మెల్లగా తన ముఖానికి తిరిగొస్తుంది. మేం ముప్పయ్యేళ్లలో చేసిన ప్రయాణం అది.

2015 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ బస్సుల మీద ముస్లింల మీద ద్వేషం చిమ్మే ప్రకటనలు వెలిశాయి. ఎవరో వాటి మీద కమలా బొమ్మలు అంటించారు. కాగితం మీది పిల్ల నిజంగానే బస్సుకు అడ్డం నిలబడింది. కరాచీలో పుట్టి కెనడాలో పెరిగిన ఇమాన్ వెల్లానీ బడి రోజుల్లో కమలా వేషం వేసుకున్న అభిమాని. 2022లో తెర మీద ఆమే కమలా అయింది. 2023లో సబీర్ పీర్జాదాతో కలిసి కమలా కామిక్ కూడా రాసింది. చదివిన చెయ్యే రాసింది.

ఫాంటమ్‌ను మేం వదులుకోలేదు. మొదటి ప్రేమను తర్కంతో కొట్టి చంపలేం, చంపక్కర్లేదు కూడా. కానీ ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు వీరుల ఆట ఆడుతున్నప్పుడు ఒక్క మాట చెబుతున్నాం. దొంగల సర్దార్ వేషం వంతులవారీగా అందరూ వేయాలి. వీరుడి వేషమూ అంతే. ఆ వంతు వచ్చినప్పుడు ముసుగు వేసుకుంటే వేసుకోండి బేటా, పేరు మాత్రం గట్టిగా చెప్పండి.