వానల ముందు పొగ మీదికి ఎక్కే సామాను

మృగశిర కార్తె దగ్గరపడుతుందంటే నల్లమల చెంచు పెంటల్లో ఒక పని ఉండేది. వేసవంతా అడవిలో వాడిన సామానును తడవకుండా ఇంటికి చేర్చి ఎత్తిపెట్టడం. ఇది చరిత్రలో రాయదగ్గ విషయమేనా అని ఎవరికైనా అనిపించవచ్చు. రాజుల యుద్ధాలు చరిత్ర అయినప్పుడు, ఒక తాడును వచ్చే ఏటికి చెడిపోకుండా దాచిన తెలివి ఎందుకు కాదు?

ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మధ్య తిరిగి, 1943లో వారి గురించి పుస్తకం అచ్చువేయించాడు. చెంచులకు ఉన్న వస్తువులు చాలా కొద్ది అని అందులో కనిపిస్తుంది. విల్లంబులు, గొడ్డలి, కత్తి, గడ్డలు తవ్వే కర్ర, బుట్టలు, కొన్ని కుండలు, అంతే. ఆ మాటను తర్వాతివాళ్ళు సాగదీసి "దాచుకోవడం తెలియని జనం" అనేదాకా తెచ్చారు. నా పేచీ ఇక్కడే. ఉన్నవి నాలుగే అయితే ఒక్కటి పుచ్చినా ఏడాదంతా ఇబ్బందే. అలాంటి ఇంట్లో జాగ్రత్త ఎక్కువ ఉంటుందా, తక్కువ ఉంటుందా?

కుంటలు ఎండాక చెంచులు నీళ్ళున్న వాగుల వైపు కదిలేవారు. అక్కడ ఆకులతో గుడిసెలు వేసుకుని, ఇప్పపూలు ఏరుతూ, తేనె తీస్తూ వేసవి గడిపేవారు. వానలకు పెంటకు తిరిగొచ్చేటప్పుడు ఆకు గుడిసెను అక్కడే వదిలేసేవారు. దాన్ని మళ్ళీ ఏడాది కొత్తగా వేసుకోవచ్చు. ఏది మోయాలో, ఏది వదలాలో తేల్చుకోవడం కూడా సామాను దాచే పనిలో భాగమే.

పెంటలో ఇల్లు గుండ్రంగా, తడిక గోడతో, పైన కోసుగా గడ్డికప్పుతో ఉంటుంది. లోపల పొయ్యి. పొగ పోవడానికి వేరే దారి లేదు, గడ్డిలోంచే మెల్లగా బయటికి పోతుంది. బయటివాళ్ళు దీన్ని చూసి ఇల్లంతా మసి అని ముక్కు మూసుకుంటారు. కానీ ఆ పొగలో వాసానికి వేలాడే వెదురుబుట్టకు పుచ్చు పట్టదు, నేలకు దూరంగా ఉంటుంది కాబట్టి చెదలు అంటవు. విల్లును నారి విప్పి పెడితేనే మంచిది. బిగించి ఉంచితే వానతేమకు వెదురు వంపు తిరిగి బలం పోతుంది.

అన్నిటికన్నా తాడు సంగతి ముఖ్యం. నల్లమలలో పెద్ద తేనెపట్లు కొండచరియలకు వేలాడుతుంటాయి. మనిషి తాడు పట్టుకుని లోయలోకి దిగాలి. పైన తాడు దగ్గర బావమరిదిని కూర్చోబెట్టడం చెంచుల్లో ఉన్న వాడుక. అక్క పసుపుకుంకుమలు పోగొట్టుకునే పని ఏ తమ్ముడూ చేయడు కదా. అయితే బావమరిది ఎంత నమ్మకస్తుడైనా, నారతాడు మూలన తడిసి లోపల కుళ్ళి ఉంటే ఏం చేయగలడు? ఆ ప్రాణం నాలుగు నెలల వానల్లో తాడును ఎక్కడ ఉంచారన్నదాని మీద ఆధారపడి ఉంది.

గోదావరి వైపు కోయల్లో ఈ మలుపు భూమి పండుగతో వస్తుంది. విత్తనాలకు పూజ చేస్తారు, మగవాళ్ళు వేటకు వెళ్తారు. ఉత్తచేతులతో తిరిగొచ్చినవాళ్ళను ఆడవాళ్ళు ఆటపట్టిస్తారు. ఆ తర్వాత విల్లు పక్కకు పోయి నాగలి చేతికి వస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ వేట చాలావరకు ఆచారంగానే మిగిలింది.

ఇళ్ళు కూడా మారాయి. కాలనీ ఇంటికి స్లాబు ఉంది, వాసాలు లేవు. పొయ్యి బయటికి పోయింది, లేదా గ్యాసు వచ్చింది. ఆ ఇల్లు వద్దని ఎవరూ అనరు. పాము భయం లేదు, కప్పు కారదు. కానీ వానాకాలంలో సిమెంటు గోడ చెమ్మగిల్లుతుంది. సామానును ప్లాస్టిక్ సంచిలో కట్టి మూలన పెడితే ఆ చెమ్మ లోపలే నిలిచి బూజు పడుతుంది. గోడకు రెండు మేకులు కొట్టి, అడ్డంగా వెదురుబొంగు కట్టి, గాలి తగిలేలా వేలాడదీయడం మేలు.

ఇప్పుడు తేనెకు నైలాన్ తాళ్ళు వాడేవాళ్ళు ఉన్నారు. నైలాన్ వానకు కుళ్ళదు. దానికి శత్రువు ఎండ. నెలల తరబడి ఎండలో పడేస్తే పైపోగుల నుంచి పెళుసవుతుంది. నారతాడును వానల ముందు దాచాలి, దీన్ని పని అయిన రోజే నీడకు చేర్చాలి. చరియ దిగే ముందు బావమరిది రెండు చేతులతో తాడును మూరమూరకూ లాగి చూడటం మాత్రం రెండింటికీ ఒకటే.