జన నాట్య మండలి

జన నాట్య మండలి 1972లో హైదరాబాదులో ఏర్పడిన విప్లవ సాంస్కృతిక బృందం. నక్సల్బరీ రాజకీయాల ప్రభావంతో పుట్టిన ఈ బృందం తరువాత పీపుల్స్ వార్ పార్టీకి అనుబంధంగా పనిచేసింది. గద్దర్ పేరుతోనే ఎక్కువగా గుర్తింపు పొందినప్పటికీ, ఇది పలువురు కవులు, గాయకులు, డప్పు కళాకారుల సమష్టి కృషి.

ఆవిర్భావం

1970ల ఆరంభంలో బి.నర్సింగరావు హైదరాబాదులో ఆర్ట్ లవర్స్ అనే సంఘాన్ని నడిపేవాడు. మెదక్ జిల్లా తూప్రానుకు చెందిన బుర్రకథ కళాకారుడు గుమ్మడి విఠల్ రావు ఇందులో చేరాడు. ఈ సంఘమే జన నాట్య మండలిగా మారింది. విఠల్ రావు తొలి పాటల పుస్తకానికి, 1913 నాటి గదర్ పార్టీ స్ఫూర్తితో, "గద్దర్" అని పేరు పెట్టారు. ఆ పేరే ఆయనకు స్థిరపడింది. ఉత్తరాంధ్ర నుండి వచ్చిన వంగపండు ప్రసాదరావు మండలి వ్యవస్థాపకులలో మరొక ముఖ్యుడు. భూమి భాగోతం నృత్యరూపకం ఆయన రచన.

ప్రదర్శన రీతి

ప్రధాన గాయకుడు మధ్యలో నిలిచి కథ నడపగా, ఇరువైపులా ఉన్నవారు వంత పాడుతూ మాటకు మాట అందిస్తారు. ఇది బుర్రకథ నుండి వచ్చిన పద్ధతి. గోచీ పంచె, భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేత కర్ర, పక్కన డప్పు: ఖర్చు లేని ఈ సామగ్రితో ఏ ఊరి నడుమనైనా ప్రదర్శన సాధ్యమయ్యేది. పల్లె జనం పాడుకొనే బాణీలనే తీసుకొని కొత్త మాటలు కూర్చేవారు. అందుచేత రచయిత పేరు మరుగున పడటం తరచుగా జరిగింది. గూడ అంజయ్య రాసిన "ఊరు మనదిరా", బండి యాదగిరి రాసిన "బండెనక బండి గట్టి" పాటలను గద్దర్ రచనలుగా భావించేవారు నేటికీ ఉన్నారు. రెండవదానిని మాభూమి చిత్రంలో గద్దర్ పాడాడు. పాడినది ఆయన, రాసినది మాత్రం యాదగిరి.

సభ్యులలో మార్పులు

నర్సింగరావు క్రమంగా సినిమా రంగానికి మళ్ళాడు. మాభూమికి ఆయన నిర్మాతలలో ఒకడు. గద్దర్ 1984లో కెనరా బ్యాంకు ఉద్యోగం వదలి, 1985లో అజ్ఞాతంలోకి వెళ్ళాడు. సంజీవ్, దివాకర్, డప్పు రమేష్, కుమారి, పద్మ మండలిలోని ఇతర ప్రముఖ కళాకారులు. 1990 ఫిబ్రవరిలో గద్దర్ బయటకు రాగా, హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో భారీ సభ జరిగింది. ఆ వెసులుబాటు ఎంతో కాలం నిలువలేదు. 1992లో ప్రభుత్వం పీపుల్స్ వార్‌ను నిషేధించింది. 1997 ఏప్రిల్ 6న గద్దర్‌పై ఆయన ఇంటివద్దనే కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరివరకు ఆయన శరీరంలోనే ఉండిపోయింది.

అనంతర కాలం

2002 నుండి తెలంగాణ ఉద్యమంలో సాగిన ధూంధాం సభలలో ఈ వేషం, ఈ డప్పు, ఈ పాట తీరే కనిపిస్తాయి. వంగపండు 2020 ఆగష్టు 4న మరణించాడు. గద్దర్ 2012లో పార్టీని వీడినట్లు మావోయిస్టు పార్టీ ఆయన మరణానంతర ప్రకటనలో తెలిపింది. 2023 ఆగష్టు 6న మరణించిన ఆయనకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.