లక్క ముద్ర నుంచి లడ్డూ సంచి దాకా



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన కార్యదర్శి గారు ఆదేశించారు. రాజుల చరిత్ర రాసేటంత చదువు నాకు లేదు. గుమాస్తాగా నా చేతుల మీదుగా నడిచిన ఒక వస్తువు కథ రాస్తున్నాను.

ట్రెజరీలోనో, తాలూకా ఆఫీసులోనో పనిచేసిన వారికి లక్క వాసన గుర్తుండే ఉంటుంది. కొవ్వొత్తి మంట మీద లక్క కడ్డీ కరగబెట్టి, సంచి ముడి మీద చుక్కలు వేసి, ఇత్తడి ముద్ర అద్దేవాళ్ళం. ఎన్నికలప్పుడు బ్యాలెట్ పెట్టెలకూ అదే పని. వేలు కాల్చుకోని గుమాస్తా లేడు. వేడికి మెత్తబడి, అద్దిన రూపం పట్టి, చల్లారితే గట్టిపడేదే ప్లాస్టిక్ అనుకుంటే, లక్క మన పాత ప్లాస్టిక్. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు స్రవించే జిగురు అది. భారతంలో లక్క ఇల్లు, ఏటికొప్పాక బొమ్మల రంగు, వెనకటి గ్రామఫోను రికార్డులు అన్నిటిలోనూ లక్కే. దాని కోసం 1924లో రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో ఒక పరిశోధన సంస్థనే పెట్టారు.

1870 ప్రాంతంలో అమెరికాలో హయత్ సోదరులు పత్తి నుంచి చేసిన పదార్థానికి కర్పూరం కలిపి సెల్యులాయిడ్ తయారుచేశారు. తొలినాటి సినిమా రీళ్ళు దానివే. అంటే ప్లాస్టిక్‌కు పుట్టిల్లు చెట్టూ చేమే. 1933లో ఇంగ్లండులో పాలిథిన్ కనిపెట్టిన తర్వాత క్రమంగా పెట్రోలియం సరుకు రాజ్యమేలింది. చవక, తేలిక, నీరు అంటదు. కానీ మట్టిలో కలవదు.

ఈ చివరి మాట నాకు ఆలస్యంగా తెలిసివచ్చింది. రిటైరైన కొత్తలో తిరువూరులో మా ఇంట ఒక ఆవు ఉండేది. మేత మానేసి, కడుపు ఉబ్బి, రెండు రోజులు నిలబడలేకపోయింది. పశువుల డాక్టరు గారు పొట్ట కోసి తీస్తే తట్టెడు కవర్లు. ఆవు దక్కలేదు. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవరులో ముడివేసి వీధి చివర పారేసి వచ్చేవాణ్ణి నేనే. ఆ తట్టలో నావి ఎన్నో ఏ లెడ్జరులోనూ తేలని లెక్క.

అప్పటి నుంచి ఈ విషయం మీద ఏది కనబడినా చదువుతున్నాను. 1926లో ఫ్రాన్సులో లెమోయిన్ అనే శాస్త్రవేత్త, కొన్ని సూక్ష్మజీవులు మనం కొవ్వు దాచుకున్నట్టు ఒంట్లో ఒకరకం ప్లాస్టిక్ దాచుకుంటాయని కనుగొన్నారు. మొక్కజొన్న పిండి నుంచి చక్కెర తీసి పులియబెడితే, పెరుగులో ఉండే పులుపే వస్తుంది. దాన్ని గొలుసుగా కూర్చితే ఇంకొక రకం ప్లాస్టిక్. ఆపరేషనులో వేసి, తీయనక్కరలేని కుట్లలో కొన్నిటికి ఆ పులుపు వాడతారు. మన రాష్ట్రంలో చూస్తే, క్షిపణుల పనిచేసే హైదరాబాదు అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ పరిశోధనతో వచ్చిన సంచులను 2021 ఆగస్టులో తిరుమల లడ్డూ కౌంటర్లలో ప్రవేశపెట్టారు. 90 రోజుల్లో మట్టిలో కలుస్తాయని చెప్పారు.

అయితే రెండు మాటలు కలగలపకూడదు. మొక్క నుంచి వచ్చిందల్లా మట్టిలో కలవదు. ఆముదం నూనె నుంచి చేసే నైలాను కలవదు. మొక్కజొన్నదైనా 60 డిగ్రీల వేడి పుట్టే ఎరువు గుట్టలో త్వరగా కుళ్ళుతుంది, కాలువలో పడితే ఏళ్ళు పడుతుంది. అదే వేడికి మెత్తబడుతుంది కనుక మరిగే సాంబారు పోయరాదు. ధర కూడా ఎక్కువే.

నేను మా ఎరువు గుంటలో తిరుమల నుంచి తెచ్చిన సంచినీ, ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసిన అంగడి కవరునూ పక్కపక్కన పూడ్చాను. వానలు వెళ్ళాక తవ్వితే సంచి పీలికలుగా చేతికి వచ్చింది. కవరు ఆకు బొమ్మతో సహా చెక్కుచెదరలేదు. బొమ్మను నమ్మకండి. ఇటువంటి సంచులకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలి. సంతకం లేని బిల్లు మనం పాసు చేశామా?

2022 జూలై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్ట్రాలు వంటివి నిషేధించారు. మన వార్షిక సమావేశం భోజనాలకు విస్తరాకులే వేయమని కార్యవర్గానికి నా మనవి. లక్క ఇచ్చిన ఆ మోదుగ చెట్టే విస్తరినీ ఇచ్చింది. తిన్న విస్తరిని పశువు నమిలినా మనకు భయం లేదు.

శలవు.