గిల్టు అంటే చాలును

డర్బన్ బజారులో నకిలీ బూట్లను, చేతిగడియారాలను ‘ఫాంగ్ కాంగ్’ అంటారు. హాంగ్ కాంగ్ వంటి పేర్ల ధ్వనిని అనుకరించి దక్షిణ ఆఫ్రికా జనవాడుకలో పుట్టిన మాట ఇది. ఇటువంటి నామకరణం కొత్తది కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దొంగనాణేలకు పేరుమోసింది. ఆ ఊరిపేరే ‘బ్రమ్మజెం’గా మారి, పైమెరుగుల చౌకసరుకుకు పేరైంది.

తెలుగువారు అటువంటి నగను ‘గిల్టు’ అంటారు. బంగారుపూత అనే అర్థంగల ఆంగ్లపదం నుండి వచ్చినది. అభ్రకపు తళుకును ‘కాకిబంగారం’ అంటారు. ఈ మాటలు వస్తువును మాత్రమే నిందిస్తాయి. ఏ ఊరినీ, ఏ జాతినీ నిందించవు.

ఈ భేదం మనకు తెలియనిది కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. అది మొదలు మన పూర్వికులు ఒప్పందపు పనివారై చెరకుతోటలకు వచ్చారు. తెలుగులో ‘కూలి’ అంటే చేసిన పనికి లభించే వేతనం. ఇక్కడ అదే పలుకు భారతీయులందరికీ తిట్టుపేరైంది. బాల్యంలో బడిదారిలో నేనూ ఆ మాట పడ్డాను.

అందుకే మనుమలు నకిలీ బూట్లను చూసి ‘ఫాంగ్ కాంగ్’ అని నవ్వినప్పుడు, “గిల్టు అనండి నాయనా, చాలును” అంటాను.