ఐస్‌ఫ్రూట్‌లో పండెక్కడ?

మన ఊళ్లలో పుల్ల ఐసును చాలామంది ఐస్‌ఫ్రూట్ అనే అంటారు. పేరులో పండు ఉంది గానీ, మనం చిన్నప్పుడు చప్పరించిన వాటిలో ఎక్కువగా ఉన్నవి నీళ్లు, చక్కెర లేదా శాకరిన్, రంగు, ఎసెన్సు. అదే ఎండాకాలంలో ఊరి చుట్టూ తోటల్లో మామిడి పండ్లు రాలి కుళ్లిపోయేవి. పండు మన దగ్గర ఉండేది, చల్లదనం వేరేవాళ్ల దగ్గర ఉండేది. పండ్ల ఐసు పని పెట్టుకోవాలని అడుగుతున్న సంఘాల అక్కచెల్లెళ్లు ముందుగా ఈ చరిత్ర తెలుసుకుంటే మంచిది.

ఓడలో వచ్చిన ఐసు

మొగలుల కాలంలో ఐసు రాజుల సొత్తు. హిమాలయాల నుంచి లాహోరుకు మంచు మోయించేవారని, సురేకారంతో నీళ్లు చల్లబరిచేవారని అక్బరు కాలపు ఐనీ అక్బరీలో రాసి ఉంది. తర్వాత ఐసు వ్యాపారుల చేతికి వెళ్లింది. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి చెరువుల్లో గడ్డకట్టిన ఐసును కోయించి, ఓడలో కలకత్తాకు పంపాడు. బయలుదేరింది సుమారు 180 టన్నులు. నాలుగు నెలల ప్రయాణంలో కరిగిపోగా 100 టన్నుల దాకా చేరింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పట్లో రాజధాని అయిన మద్రాసులో 1842లో సముద్రం ఒడ్డున ఐస్ హౌస్ కట్టారు. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ భవనంలోనే. ఆ ఐసు దొరలకు, ధనవంతులకు, ఆసుపత్రులకు పోయేది. 1870ల తర్వాత ఇక్కడే ఆవిరి యంత్రాలతో ఐసు తయారుచేయడంతో ఓడల ఐసు ఆగిపోయింది.

పుల్ల గుచ్చిన వాళ్లు

ఐసుకు పుల్ల ఎలా వచ్చిందన్నదానికి అమెరికాలో ఒక కథ చెబుతారు. 1905లో ఫ్రాంక్ ఎపర్సన్ అనే పదకొండేళ్ల పిల్లాడు సోడా పొడి కలిపిన నీళ్ల గ్లాసును, కలిపిన పుల్లతో సహా రాత్రి ఆరుబయట మరిచిపోయాడట. తెల్లారేసరికి గడ్డకట్టింది. పెద్దయ్యాక 1924లో దానికి పేటెంట్ తీసుకున్నాడు.

మనకు ఎక్కువ పనికొచ్చే కథ మాత్రం మెక్సికోది. అక్కడ మిచోకాన్ రాష్ట్రంలో టోకుంబో అనే చిన్న ఊరు ఉంది. పుల్ల ఐసును అక్కడ పలేటా అంటారు. మామిడి, జామ, చింతపండు, కొబ్బరి, పైన కారం చల్లిన మామిడి, ఇలా అన్నీ మన పెరట్లో రుచులే. 1940ల నుంచి ఆ ఊరివాళ్లు మెక్సికో నగరానికి వెళ్లి పలేటా దుకాణాలు పెట్టారు. పెద్ద చదువులు లేవు. ముందు వెళ్లినవాళ్లు తర్వాత వచ్చిన చుట్టాలకు, ఊరివాళ్లకు అప్పిచ్చి, పని నేర్పి, దుకాణం పెట్టించారు. ఒకరికొకరు పూచీగా నిలబడటం మన సంఘాలకు కొత్త సంగతేమీ కాదు. ఇప్పుడు ఆ ఊరి ముఖద్వారం దగ్గర పెద్ద పలేటా బొమ్మే కట్టుకున్నారు.

సైకిల్ మీద పెట్టె

మన పల్లెకు ఐసు పట్నం ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ఉప్పునీళ్ల తొట్టిలో అచ్చులు దించి గడ్డకట్టించేవారు. పెట్టెలో పెట్టుకుని, సైకిల్ మీద హారన్ కొట్టుకుంటూ వచ్చేవారు. చేతిలో డబ్బు లేని ఇళ్లలో పిల్లలు గుప్పెడు వడ్లో, పాత ఇనుమో, ఖాళీ సీసాలో ఇచ్చి కొనుక్కునేవారు. పాల ఐసు, సేమ్యా ఐసు కాస్త ఖరీదు. పండు కలిపితే ఇంకా ఖరీదు అవుతుంది గనక రంగుతోనే సరిపెట్టేవారు.

మరి మన ఆడవాళ్లు పండును ఎలా కాపాడుకున్నారు? ఎండతో, ఉప్పుతో. మామిడి తాండ్ర, ఒరుగులు, ఆవకాయ అన్నీ అలా వచ్చినవే. ఎండకు కరెంటు బిల్లు లేదు. చల్లదనానికి యంత్రం కావాలి, యంత్రానికి పెట్టుబడి కావాలి. ఆడవాళ్లకు బ్యాంకు గడప తొక్కే వీలు చాలా ఆలస్యంగా వచ్చింది. 1982లో డ్వాక్రా, 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, 1992లో నాబార్డు మొదలుపెట్టిన సంఘాల బ్యాంకు లింకేజీ, 2000లో వెలుగు, ఇన్ని మెట్లు ఎక్కాక ఫ్రీజర్ కొనే మాట మన సమావేశాల్లోకి వచ్చింది.

చేసే పద్ధతి

రసాలైతే పిండి, పీచు వడగట్టాలి. బంగినపల్లి అయితే ముక్కలు కోసి రుబ్బితే చాలు. గుజ్జు ఎక్కువ, నీళ్లు తక్కువ ఉండాలి. నీళ్లు ఎక్కువైతే చప్పరించేసరికి రసం పోయి తెల్ల ఐసు మిగులుతుంది. చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి మామూలు రసం కన్నా కాస్త తియ్యగా కలపాలి. మరీ ఎక్కువైతే గడ్డకట్టదు. చిటికెడు ఉప్పు, కాస్త నిమ్మరసం వేస్తే రుచి నిలబడుతుంది. సీతాఫలం గుజ్జును మాత్రం వేడి చేయొద్దు, చేదెక్కుతుంది. ఫ్రీజర్ లేకపోతే మూడు పాళ్లు ఐసు ముక్కలకు ఒక పాలు రాళ్లుప్పు కలిపి, అందులో అచ్చులు నిలబెట్టినా గడ్డకడుతుంది. కుల్ఫీ చేసే పాత పద్ధతి ఇదే. ఉప్పునీళ్లు అచ్చులోకి పోకుండా చూసుకోవాలి.

ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. గడ్డకడితే క్రిములు చావవు. అందుకే నీళ్లు కాచి చల్లార్చినవే వాడాలి. చేతులు, అచ్చులు, పుల్లలు శుభ్రంగా ఉండాలి. కార్బైడుతో మగ్గబెట్టిన కాయ తీసుకోవద్దు. అమ్మకానికి చేసేవాళ్లు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు చేయించుకోవాలి.

సంఘాల ముందున్న పని

ఐస్‌ఫ్రూట్లతో మామిడి రైతు కష్టం తీరిపోతుందని చెప్పడం లేదు. పని ఉండేది నాలుగు నెలలు. కరెంటు పోతే సరుకు కరిగిపోతుంది. అందుకే ఒక్కొక్కరు ఒక్కో ఫ్రీజర్ కొనేకంటే గ్రామ సంఘానికి ఒకటి ఉండి, వంతులవారీగా వాడుకోవడం మేలు. పండ్ల కాలంలో గుజ్జు తీసి ఫ్రీజర్‌లో దాచుకుంటే ఆ తర్వాత కూడా కొంతకాలం పని నడుస్తుంది. 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద ఆహార తయారీ చేసే సంఘ సభ్యురాలికి రూ.40,000 వరకు మూలధనం ఇచ్చే ఏర్పాటు ఉంది. ఇప్పుడు ఆ అవకాశం ఎలా ఉందో అధికారులను అడిగి తెలుసుకుని, కరెంటు, పుల్లలు, రవాణా ఖర్చులు లెక్కేసుకుని దిగాలి.

బడి దగ్గర పిల్లలు కొనే ఐస్‌ఫ్రూట్‌లో పండు ఉండాలి, ఆ రూపాయి ఊళ్లోని అక్కకే అందాలి. వచ్చే వేసవికి ముందే ప్రతి గ్రామ సంఘం ఈ విషయం తన సమావేశంలో చర్చకు పెట్టాలని కోరుతున్నాం.